కుట్టు లీకవుతుందని ముందే చెప్పగలరా?

ప్రశ్న: మా నాయనకు 62 ఏళ్లు, బీడీ అలవాటు ఉంది. కామెర్లు తగ్గకపోతే కర్నూలులో పరీక్షలు చేయించాము. పైత్యనాళం చిన్నపేగులో కలిసే చోట గడ్డ ఉందని, విప్పుల్ ఆపరేషన్ చేయాలని అన్నారు. క్లోమంలోని నాళం 3 మిల్లీమీటర్లే ఉంది కాబట్టి లీకయ్యే ప్రమాదం కొంత ఎక్కువని కూడా చెప్పారు. మా వీధిలో ఒకాయనకు క్లోమంలోనే క్యాన్సర్ వచ్చి ఇదే ఆపరేషన్ జరిగితే పన్నెండో రోజుకు ఇంటికి వచ్చారు. మా నాయనది అంతకన్నా చిన్న గడ్డ కదా, ప్రమాదం ఎక్కువెలా అవుతుంది?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మీ సందేహం సహజమైనదే. గడ్డ చిన్నదైతే ఆపరేషన్ కూడా తేలికని చాలామంది అనుకుంటారు. ఈ ఆపరేషన్‌లో క్లోమం తలభాగాన్ని తీసేసి, మిగిలిన భాగాన్ని పేగుకు కలిపి కుట్టాలి. మీ వీధిలోని ఆయనకు గడ్డ క్లోమనాళాన్నే నొక్కి ఉంటుంది. అలా నొక్కినప్పుడు వెనుకభాగంలో నాళం వెడల్పవుతుంది, గ్రంథి పచ్చికొబ్బరిలా గట్టిపడి కుట్టును పట్టి నిలుపుతుంది. మీ నాన్నగారి క్లోమం బహుశా ఆరోగ్యంగానే ఉంది, అంటే మెత్తగా ఉంది. జున్నుకు సూది వేసినట్టు, దారం బిగిస్తే కోసుకుపోతుంది. ఆరోగ్యమైన గ్రంథే సర్జన్‌ను ఎక్కువ కష్టపెడుతుందన్నది వినడానికి వింతగా ఉన్నా నిజం.

ఈ ప్రమాదాన్ని అంచనా వేయడానికి 2013లో వెలువడిన ఒక స్కోరు ఇప్పటికీ వాడుకలో ఉంది. గ్రంథి మెత్తదనం, వ్యాధి రకం, నాళం వెడల్పు, ఆపరేషన్‌లో పోయిన రక్తం అనే నాలుగింటికీ కలిపి 0 నుంచి 10 వరకు అంకెలు వేస్తారు. మీరు రాసినదాన్ని బట్టి వ్యాధికి 1, నాళానికి 2, గ్రంథి మెత్తగా ఉంటే మరో 2, మొత్తం 5, అంటే మధ్యస్థ ప్రమాదం. రక్తస్రావం 400 మిల్లీలీటర్లు దాటకపోతే అది 5 దగ్గరే ఆగుతుంది. లీటరు దాటితే 8కి చేరి ఎక్కువ ప్రమాదం కిందికి వస్తుంది. గ్రంథి మెత్తదనం సర్జన్ వేలికి, రక్తం లెక్క ఆపరేషన్ ముగిశాక మాత్రమే తెలుస్తాయి కనుక, ఇవాళ ఎవరు చెప్పినా అది సగం లెక్కే.

మిగతా సగం, ఆపరేషన్ తర్వాత పొట్టలోని ద్రవం బయటి సంచీలోకి వచ్చేలా వేసే డ్రెయిన్ గొట్టం చెబుతుంది. మూడో రోజు గానీ ఆ తర్వాత గానీ అందులోని ద్రవంలో అమైలేజ్ (క్లోమరసంలో ఉండే ఎంజైము), రక్తంలో ఉండదగిన గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితే క్లోమరసం కారుతున్నట్టే. అయితే రోగి కులాసాగా ఉండి, చికిత్స మార్చవలసిన అవసరం రాకపోతే 2016 నుంచి దాన్ని ఫిస్టులాగా, అంటే అసలైన లీకుగా, లెక్కించడం లేదు కాబట్టి, ఆ అంకె ఒక్కటే చూసి బెంబేలెత్తకండి. మంచం పక్కన కూర్చున్న మీరు సంచీని చూస్తూ ఉండండి. లేత పసుపు రంగు ద్రవం బూడిద లేదా మురికి గోధుమ రంగుకు మారినా, జ్వరం వచ్చినా, నాడి వేగం పెరిగినా వెంటనే నర్సుకు చెప్పండి. కొన్నాళ్లు బాగా ఉన్నాక గొట్టంలో నాలుగు చెంచాల రక్తం కనబడి ఆగిపోతే, ఆగింది కదా అని ఊరుకోకూడదు. కారిన రసం రక్తనాళపు గోడను తినేస్తోందనడానికి అది ముందస్తు సూచన కావచ్చు, పెద్ద రక్తస్రావం దాని వెనకే రావచ్చు.

నా దృష్టిలో స్కోరు కన్నా ఈ కాపలాయే ముఖ్యం. నెదర్లాండ్స్‌లో 17 ఆసుపత్రులు కలిసి చేసిన, 2022లో ప్రచురితమైన అధ్యయనంలో, రోజూ కొన్ని గుర్తులు చూసి, సీటీ స్కాన్ ఎప్పుడు తీయాలో, గొట్టం ఎప్పుడు వేయాలో ముందే రాసుకున్న పద్ధతి ప్రకారం నడుచుకుంటే మరణాలు 5 శాతం నుంచి 3 శాతానికి తగ్గాయి. ఆపరేషన్ చేసే విధానంలో మార్పు లేదు, తరువాత చూసుకునే తీరే మారింది.

బీడీ ఇవాళే మాన్పించండి, ఊపిరితిత్తులకు అది ఎంతో అవసరం. సర్జన్‌ను కలిసినప్పుడు మాత్రం ఒక్క మాట తప్పక అడగండి: ఏడో రోజు అర్ధరాత్రి ఇబ్బంది వస్తే సీటీ స్కాను, చర్మం గుండా గొట్టం వేయగల, రక్తనాళాన్ని లోపలి నుంచే మూయగల రేడియాలజిస్టు అదే ఆసుపత్రిలో దొరుకుతారా, లేక ఆ స్థితిలో ఆయనను అంబులెన్స్‌లో రెండు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాదుకు తీసుకుపోవాలా?