పదో బ్రాకెట్ చూపించమనండి

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. మెకానికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. కాలేజీలో కన్నా ఇంటి వెనక షెడ్డులోనే ఎక్కువ ఉంటాడు. మోటార్‌సైకిళ్లకు లగేజీ క్యారియర్లు, లైట్ల బ్రాకెట్లు, ఇంజిన్ గార్డులు సొంతంగా తయారుచేస్తున్నాడు. స్నేహితులు కొంటున్నారు కూడా. ఇప్పుడు చదువు మానేసి సొంత బ్రాండ్ పెడతానంటున్నాడు. పోయిన నెల షెడ్డుకు తాళం వేశాను. అప్పట్నుంచీ నాతో మాట్లాడటం లేదు. డిగ్రీ, టూల్‌రూమ్ శిక్షణ (ఫ్యాక్టరీలకు కావలసిన అచ్చులు, పనిముట్లు తయారుచేయడం నేర్పేది), సొంత వర్క్‌షాప్, ఈ మూడింటినీ పోల్చి ఏది మేలో చెప్పండి. - ఓ తండ్రి

జవాబు: 'స్నేహితులు కొంటున్నారు కూడా' అని రాశారు. ఆ 'కూడా' దగ్గర కాసేపు ఆగాను. మీ ఉత్తరం మొత్తంలో కొడుకు గురించి మురిపెంగా పడిన మాట అదొక్కటే. రెండు వాక్యాలు తిరగకుండానే తాళం వచ్చేసింది.

మూడు దారుల్నీ పోల్చమన్నారు, పోలుస్తాను. కానీ మీకు కావలసింది పోలిక కాదనిపిస్తోంది. ఈ ప్రశ్న నాకు ఏటా ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కెమెరా వదలని పిల్లాడి తండ్రి, కుట్టుమిషను వదలని అమ్మాయి తల్లి, ఇప్పుడు మీరు. పైకి అడిగేది ఏ కోర్సు మంచిదని. లోపల ఉన్నది, మావాడు ఏం చేస్తున్నాడని నలుగురూ అడిగితే ఏం చెప్పుకోవాలని. ఇంకాస్త విడమరిస్తే, ఇంజినీరు అవుతాడనుకున్న కొడుకు మెకానిక్‌గా మిగిలిపోతాడేమోనన్న బెంగ. ఆ బెంగను తప్పుపట్టను. కానీ అది మీ బెంగ. దానికి అబ్బాయి భవిష్యత్తు అని పేరు పెట్టకండి.

తాళం సంగతి ముందు తేల్చేద్దాం. ప్రమాదాలకు భయపడి వేసి ఉంటే నేనూ మీ పక్షమే. ఇంటి షెడ్డులో లోహం పని ఆషామాషీ కాదు. జింకు పూత ఉన్న పైపును పూత గీకకుండా వెల్డింగ్ చేస్తే, ఆ పొగ పీల్చినవాడికి రాత్రికల్లా చలిజ్వరం తగులుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్ పొగలో క్యాన్సర్ తెచ్చే రకం క్రోమియం ఉంటుంది. క్లోరిన్ ద్రావకం కలిసిన బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తడి ఆరకముందే వెల్డింగ్ ఆర్క్ వెలిగిస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. గ్రైండర్ గార్డు ఊడదీసి, దాని వేగానికి పనికిరాని పెద్ద చక్రం బిగించే కుర్రాళ్లను కళ్లారా చూశాను. వెల్డింగ్ వెలుగు కంట్లో పడిన సంగతి అప్పటికప్పుడు తెలియదు, కొన్ని గంటలయ్యాక కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. మరి ఇవన్నీ మీ అబ్బాయిని అడిగారా? పొగ బయటికి లాగే ఫ్యాను ఉందా, రవ్వలు పడేచోట పెయింటు డబ్బాలున్నాయా అని ఒక్కసారైనా లోపలికి తొంగిచూశారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. అందుకే అది భద్రత కోసం వేసిన తాళం కాదు, కోపంతో వేసిన తాళం అంటున్నాను. దానివల్ల పని ఆగదు, చోటు మారుతుందంతే. మంటలార్పే సిలిండర్ కూడా లేని ఇంకెవరి షెడ్డులోనో ఇదే పని చేస్తుంటాడు. పందొమ్మిదేళ్ల కొడుకుతో మాటలు పోగొట్టుకుని మీరు సాధించింది ఇదీ.

పైగా ఆ షెడ్డులో జరుగుతున్నది మీరనుకుంటున్నంత చిన్న పని కాదు. ఒక్క లైటు బ్రాకెట్‌నే తీసుకోండి. బండి ఆగి ఉన్నప్పుడు దాని మీద పడే బరువు ఏపాటిది? కానీ ఇంజిన్ నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే ఆ అదురు సెకనుకు 80 సార్లకు పైగా వచ్చి తగులుతుంది. గంట ప్రయాణంలో 3 లక్షల ఊపులు. వంపు దగ్గరో వెల్డింగ్ అంచునో వెంట్రుకంత పగులు పుట్టి, పెరిగి, ఏదో ఒకరోజు లైటు ఊడి వైరుకు వేలాడుతుంది. కుర్రాళ్లకు తోచే మొదటి మందు రేకు మందం పెంచడం. ఒక్కోసారి పనిచేస్తుంది. ఒక్కోసారి పగులు అక్కణ్నుంచి లేచి బోల్టు బిగించిన చోటికి కాపురం మారుస్తుంది. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు లోపలి ఊపుల్ని మామూలుగా ఎన్ని లక్షలైనా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, ప్రతి ఊపునూ ఖాతాలో రాసుకుంటుంది. అయినా మోజంతా దానిమీదే, ఉక్కు బరువులో మూడో వంతు కదా, పైగా మెరుస్తుంది. 6061-టి6 అని గొప్పగా చెప్పి అమ్మే అల్యూమినియం రకాన్ని వెల్డింగ్ చేస్తే, వేడి సోకిన చోట దాని బలం దాదాపు సగానికి పడిపోతుందని చెప్పి అమ్మేవాళ్లు నాకింకా తారసపడలేదు.

ఈ చిక్కులన్నిటికీ జవాబులు మీ అబ్బాయి సంచిలోనే ఉన్నాయి. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో, మెషిన్ డిజైన్‌లో. మార్కుల కోసం బట్టీపట్టే సూత్రం, తాను చేసిన బ్రాకెట్ విరిగి చేతిలోకి వచ్చిన రోజున తలకెక్కుతుంది. నా దగ్గరికి వచ్చే మెకానికల్ విద్యార్థుల్లో చాలామంది ఆఖరి సంవత్సరం దాకా ఇనుములో ఒక్క బెజ్జమైనా వేసి ఉండరు. మీవాడు అటునుంచి నరుక్కొస్తున్నాడు. అందుకు బాధపడుతున్నారా?

ఇక్కణ్నుంచి కొంత భాగం మీ అబ్బాయికి. ఉత్తరం అతని చేతికివ్వండి.

బాబూ, నీ పని మీద నాకు అనుమానం లేదు, బ్రాండ్ మీద ఉంది. ఇష్టమైన పనినే వృత్తి చేసుకోండని కొన్నేళ్ల కిందట నేనూ వేదికలెక్కి చెప్పాను. ఇప్పుడు అంత తేలిగ్గా నోరు రావడం లేదు. ముందు లోగో, తర్వాత వీడియోలు, ముందస్తు బుకింగులు, అన్నిటికన్నా చివర తయారీ. ఇదీ ఇప్పుడు నడుస్తున్న వరస. వీడియోలో నిప్పురవ్వలు భలే ఉంటాయి. నలభై ముక్కల అంచులు ఆకురాయితో రుద్దుతూ కూర్చుంటే ఎవరు చూస్తారు?

నాకు తెలిసిన కుర్రాడొకడు మొదటి క్యారియర్ ఎంతో బాగా చేశాడు. తన బండి మీదే కొలిచాడు, తన బండి మీదే పెట్టి చూసి వంచాడు, బెజ్జం కలవనిచోట కాస్త సాగదీసి బిగించేశాడు. వీడియో చూసి ముప్ఫైమంది డబ్బు కట్టారు. తీరా ముప్ఫై తయారయ్యేసరికి ఒక్కోటీ ఒక్కో తీరు. వెల్డింగ్ చల్లారేటప్పుడు ముడుచుకుని పైపును తనవైపు లాక్కుంటుంది. బల్లమీద అంచనాగా ఆన్చి అతికితే రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోవడం ఎంతసేపు? కొలత కుదిరినవాటితోనూ తిప్పలే. పౌడర్ కోటింగ్, అంటే పొడిగా చల్లి ఓవెన్‌లో కాల్చే రంగు, మరల్లోకి చేరి గట్టిపడింది, బోల్టు దిగలేదు. ఓవెన్‌లోకి వెళ్లేముందు మరలకు మూతలు పెట్టాలని అతనికి ఎవరూ చెప్పలేదు. దాదాపు ఆర్నెల్లు వాపసులు అందుకోవడంతోనే సరిపోయింది. చేతకానివాడు కాదు. ఒకటి చేయడం వచ్చు, అలాంటివే ముప్ఫై చేయడం రాదు. ఆ రెండోది జిగ్గుల విద్య, అంటే ప్రతి ముక్కనూ ఒకే చోట, ఒకే తీరున పట్టి ఉంచే చట్రాల విద్య. ముక్కను ఎక్కడ ఆన్చాలి, ఎక్కడ పట్టి ఉంచాలి, ఏ వరసలో ట్యాక్‌లు, అంటే తొలి చిన్న వెల్డింగ్ చుక్కలు, వేయాలి, ఏ కొలత తప్పితే కొంప మునుగుతుంది, ఏది తప్పినా ఫర్వాలేదు. ఇది ఏ వీడియోలోనూ ఎక్కువగా కనిపించదు, చూడ్డానికి ఏమీ ఉండదు మరి.

రేకులు లేజర్ కటింగ్‌కు బయట ఇచ్చేస్తానంటావు. మంచిదే, బెజ్జాల దూరాలు కుదురుతాయి. వంచే పని మాత్రం మళ్లీ నీదే. వంచిన రేకు వదిలేయగానే కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది, ఎంత తెరుచుకుంటుందో రేకును బట్టి మారుతుంది. ఈలోగా బండి తయారుచేసే కంపెనీ కొత్త మోడల్లో ఒక బోల్టు అంగుళం జరిపిందనుకో, నీ దగ్గర మూలుగుతున్న సరుకంతా తుక్కే. ఇలా అంటున్నందుకు నన్ను పాతకాలపు మనిషి అనుకుంటావేమో. అనుకో. ఇదే దారిలో నిలదొక్కుకున్నవాళ్లూ నాకు తెలుసు. వాళ్లు మాత్రం బ్రాండ్ పేరు పెట్టే నాటికే ఏళ్ల తరబడి ఎవరి దగ్గరో ఫిక్స్చర్లు, అంటే పనిముక్కను కదలకుండా పట్టి ఉంచే బిగింపులు, చేసినవాళ్లు.

ఇంకో విషయం, దీనిమీద వాదన పెట్టుకోకు. హ్యాండిల్‌బార్, ఫుట్‌రెస్ట్, బ్రేకు లీవరు, వీల్ స్పేసర్, అంటే విరిగితే మనిషి పడిపోయేవి, ఇప్పుడే చేసి అమ్మకు. ఇంజిన్ గార్డు కూడా నువ్వనుకున్నంత అమాయకమైనదేమీ కాదు. మరీ మొండిగా ఉంటే బండి పడినప్పుడు దెబ్బనంతా తీసుకెళ్లి ఫ్రేముకు అప్పజెబుతుంది. గార్డు చెక్కుచెదరదు, ఫ్రేము వంగుతుంది. మరీ మెత్తగా ఉంటే వెనక్కి మడుచుకుని కాలును ఇరికిస్తుంది. ఫోన్ మౌంట్, సైడ్‌స్టాండ్ మట్టిలో దిగబడకుండా కింద పెట్టే వెడల్పు పలక, చిన్న క్యారియర్, మొదలుపెట్టడానికి ఇవి చాలు. హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసదాకా తిప్పి, సస్పెన్షన్‌ను అడుగుదాకా నొక్కి, ఎక్కడా తగలడం లేదని చూసుకోకుండా ఏ వస్తువునూ గడప దాటనివ్వకు. బండిమీద ఉండగానే వెల్డింగ్ పెట్టాల్సి వస్తే బ్యాటరీ విప్పిన తర్వాతే పెట్టు. బండికి బయటి భాగాలు బిగించడం మీద నువ్వుండే చోట ఏ నిబంధనలున్నాయో మొదటి ముక్క అమ్మకముందే చదువు, చివాట్లు తిన్న తర్వాత కాదు.

అయ్యా, ఇక మీ పోలిక. ముక్క ఎందుకు విరిగిందో డిగ్రీ చెబుతుంది, చేతికి పని నేర్పదు. టూల్‌రూమ్ శిక్షణలో జిగ్గులు, ఫిక్స్చర్లు, రేకును నొక్కి రూపమిచ్చే డైలు, మైక్రోమీటర్ పట్టి కొలవడం ఉంటాయి. మీ అబ్బాయికి ఇప్పుడు లేనిది సరిగ్గా అదే. సొంత వర్క్‌షాప్‌లో కొన్నవాడు తిరిగొచ్చి తిడతాడు, ఆ చదువు ఇంకెక్కడా దొరకదు. నన్నడిగితే డిగ్రీ ఆపొద్దు, షెడ్డూ ఆపొద్దు. సెలవుల్లో ఏదైనా టూల్‌రూమ్‌లోనో ఫ్యాబ్రికేషన్ షాపులోనో చేరి, ఊడవమన్నా ఊడ్చి, పని చూసి రమ్మనండి. బ్రాండ్‌కు రెండేళ్లు ఆగితే వచ్చే నష్టమేమీ లేదు. పోలిక ఇంతేనా అంటారేమో, ఇంతే. ఈ మూడింట్లో ఒక్కటే ఎంచుకోవాలని మీ ఇంట్లో ఎవరో అనేశారు, గొడవంతా అక్కడ మొదలైంది.

మెకానిక్ అవుతాడేమోనన్న బెంగ గురించి. మంచి మెకానిక్ దొరక్క మీరు ఎన్నిసార్లు తిరిగి ఉంటారో గుర్తుచేసుకోండి, అది చిన్నతనమో కాదో మీకే తెలుస్తుంది. అది పక్కన పెడదాం. చేత్తో పనిచేసి, ఎందుకు విరిగిందో కాగితం మీద లెక్క వేసి చూపించగల కుర్రాడికి ఫిక్స్చర్ డిజైన్, షీట్‌మెటల్ డిజైన్, కొత్త వాహనాల నమూనాలు తయారుచేసే వర్క్‌షాపులు, వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్, రేసింగ్ జట్ల ఫ్యాబ్రికేషన్, ఇన్ని తలుపులు ఉన్నాయి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల పక్కన ఒక విరిగిన బ్రాకెట్ పెట్టి, పగులు ఇక్కడ మొదలైందండీ అని చెప్పే అభ్యర్థి సాయంత్రందాకా గుర్తుంటాడు. వర్క్‌షాప్ పెట్టి చేతులు కాల్చుకున్నా అతను రోడ్డున పడడు. మీరంత భయపడుతున్న ఓటమి ఖరీదు కొన్ని నెలలు, కొంత ఇనుము.

ఈ వారం ఒక పని చేయండి. తాళంచెవి అబ్బాయి చేతికిచ్చి, అతను బాగా చేశాననుకుంటున్న బ్రాకెట్ ఏదో అడగండి. అలాంటివే పది చేయమనండి. రెండేసి బెజ్జాలు, ఒక్కోటీ 9 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల బోల్టుకు సరిపడా. పదీ అయ్యాక ఒకదానిమీద ఒకటి పేర్చి, రెండు బెజ్జాల్లోంచీ 8 మిల్లీమీటర్ల నునుపు చువ్వలు ఒకేసారి దింపమనండి. సుత్తి వాడకూడదు. దిగితే అతని బ్రాండ్ మాట కొంచెం శ్రద్ధగా వినండి. ఆరో దాని దగ్గర ఆగితే, ఎందుకు ఆగిందో అతనే చెబుతాడు. అప్పుడు పక్కన స్టూలు వేసుకుని కూర్చోండి, ఓ పది నిమిషాలపాటు ఏమీ అనకుండా. కళ్లకు రక్షణ అద్దాలు మీరూ పెట్టుకోండి.