మోల్ లెక్కల్లో ఎక్కడ గుణించాలి, ఎక్కడ భాగించాలి?

9 గ్రాముల నీటిలో అణువులెన్ని, పరమాణువులెన్ని అన్న లెక్క దగ్గర ఆగిపోయానన్నారు. గుణించాలో భాగించాలో తేలడం లేదని, 6.022 × 10²³ అనే సంఖ్య ఎక్కడి నుంచి ఊడిపడిందో అర్థం కాలేదని రాశారు. ఇంటర్ మొదటి సంవత్సరంలో నేనూ సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాను. సూత్రాలన్నీ బట్టీ పట్టి, పరీక్షలో ఏది వాడాలో తెలియక టెన్షన్ పడేదాన్ని. దారి దొరికింది మాత్రం మా నాన్న కొట్లో.

నాన్నకి ఇనుప సామాన్ల కొట్టు ఉండేది. ఎవరైనా అయిదు వందల బోల్టులు అడిగితే ఒక్కొక్కటీ లెక్కపెట్టేవారు కాదు. ఆ సైజు బోల్టులు వంద కలిపి రెండున్నర కిలోలు తూగుతాయని ఆయనకు తెలుసు. పన్నెండున్నర కిలోలు తూచి సంచిలో పోసేవారు. సాయంత్రం డబ్బాలో పది కిలోలు మిగిలితే నాలుగు వందలు ఉన్నట్టు. అదే వాషర్లయితే వంద కలిపినా పావుకిలోనే. రెండూ వందే, తూకం మాత్రం వేరు.

ఇక్కడ వంద ఉన్న చోట మోల్ పెట్టండి. వంద బోల్టుల తూకం ఉన్న చోట మోలార్ ద్రవ్యరాశి పెట్టండి. ఒక మోల్ నీరు 18 గ్రాములు, ఒక మోల్ ఉప్పు 58.5 గ్రాములు, ఒక మోల్ గ్లూకోజు 180 గ్రాములు. మూడింటిలోనూ రేణువుల లెక్క 6.022 × 10²³. ఉప్పులో విడి అణువులు ఉండవు కాబట్టి అక్కడ సోడియం, క్లోరైడ్ అయాన్ల జతలను లెక్కపెడతాం.

ఆ సంఖ్యే ఎందుకంటే, పరమాణు భారాల పట్టికలో ఉన్న అంకెను నేరుగా గ్రాముల్లో తూచుకోవడానికి అది కుదురుతుంది. కార్బన్-12 పరమాణువు భారం 12 యూనిట్లు. 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అదే మోల్ అని ఒకప్పటి నిర్వచనం. 2019 మే 20 నుంచి తూకంతో పని లేకుండా 6.02214076 × 10²³ అని సంఖ్యనే స్థిరం చేశారు. మన లెక్కలకు 6.022 చాలు.

ఇక మీ లెక్క. 9 గ్రాములున్నాయి, మోల్‌కి 18 గ్రాములు. 9ని 18తో భాగిస్తే గ్రాములు కొట్టేసుకుని అర మోల్ మిగిలింది. మోల్‌కి 6.022 × 10²³ అణువులు కాబట్టి అర మోల్‌కి 3.011 × 10²³ అణువులు. నాన్న పది కిలోల్ని రెండున్నరతో భాగించి, వచ్చిన నాలుగుని వందతో గుణించినట్టే. దయచేసి ప్రతి అంకె పక్కనా దాని ప్రమాణం రాయండి. గ్రాములు పోవాలంటే గ్రాముల్ని కిందికి తేవాలి, ఏం చేయాలో ఆ ప్రమాణాలే చెబుతాయి. నేను ఆ అలవాటు చేసుకున్నాకే సూత్రాల పట్టిక చూడడం మానేశాను.

పరమాణువులకి ఇంకొక్క మెట్టు ఉంది. కొట్లో సెట్టు అంటే ఒక బోల్టు, ఒక నట్టు, రెండు వాషర్లు. నూరు సెట్లంటే నాలుగు వందల వస్తువులు. నీటి అణువులో రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్. కాబట్టి 3.011 × 10²³ని మూడుతో గుణిస్తే 9.033 × 10²³ పరమాణువులు. ప్రశ్నలో అణువులన్నారా పరమాణువులన్నారా అని రెండుసార్లు చదవండి. ‘ఒక మోల్ ఆక్సిజన్’ అని ఊరికే అంటే 16 గ్రాములా 32 గ్రాములా అన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది. వాయువు అయితే 32.

నేను మార్కులు పోగొట్టుకున్న చోటు ఒకటి చెప్పాలి. 18 మిల్లీలీటర్ల నీటిలో మోల్‌లెన్ని అంటే, లీటర్ల మాట వినగానే 22.4 గుర్తొచ్చి 22,400తో భాగించేశాను. ఆ 22.4 లీటర్లు వాయువుకే, అదీ 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గరే. పీడనం 1 బార్ అని తీసుకున్న పుస్తకాల్లో 22.7 ఉంటుంది, చూసి కంగారు పడకండి. నీటికైతే మిల్లీలీటరు దాదాపు ఒక గ్రాము, అంటే 18 మిల్లీలీటర్లు ఒక మోల్.

మిల్లీగ్రాముల దగ్గరా జాగ్రత్త. 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌లో అణువులెన్ని అంటే ముందు దాన్ని 0.5 గ్రాములు చేయాలి. మోలార్ ద్రవ్యరాశి 151, కాబట్టి 0.0033 మోల్, అంటే సుమారు 2 × 10²¹ అణువులు. 500ని అలాగే పెట్టేస్తే జవాబు వెయ్యి రెట్లు పెరిగిపోతుంది.

ఇప్పుడు మీరే ఒకటి చేయండి. ఒక కాసు బంగారంలో పరమాణువులెన్ని? కాసు 8 గ్రాములు, బంగారం పరమాణు భారం 197. కలం పట్టకముందే అంచనా వేయండి: 8 అనేది 197లో దాదాపు ఇరవై అయిదో వంతు, కాబట్టి జవాబు కూడా అవొగాడ్రో సంఖ్యలో, అంటే ఆ 6.022 × 10²³లో, దాదాపు ఇరవై అయిదో వంతే ఉండాలి. 2.4 × 10²² దగ్గర్లో వచ్చిందో లేదో ఇక్కడే రాయండి. రాకపోతే మీరు చేసిన మెట్లన్నీ ప్రమాణాలతో సహా పెట్టండి, కలిసి చూద్దాం.