సింగపూర్‌లో ఉండటానికి ఇంగ్లీషు ఒక్కటే సరిపోతుందా?

ఉద్యోగం మీద సింగపూర్ వస్తున్నాను, మాండరిన్ కూడా నేర్చుకోవాలా అని అడిగారు. అక్కర్లేదండీ. ఆఫీసు, బ్యాంకు, ఆస్పత్రి, అన్నిచోట్లా ఇంగ్లీషుతో పని జరిగిపోతుంది. కాకపోతే మలయ్, మాండరిన్, తమిళం, ఇంగ్లీషు నాలుగూ అధికార భాషలు కదా అని ఇక్కడ ప్రతివాళ్లూ నాలుగూ గడగడా మాట్లాడేస్తారనుకోకండి. నన్నడిగితే ఈ ఊళ్లో నిజంగా పక్క జాతివాళ్లతో వేరే భాషలో కబుర్లాడగలిగేవాళ్లు డెబ్బై దాటిన ముసలాళ్లే.

మేముండేది హెచ్‌డీబీ ఫ్లాట్‌లో. ప్రభుత్వం కట్టిన ఇళ్లివి, ఇక్కడ పదిమందిలో దాదాపు ఎనిమిదిమంది వీటిలోనే ఉంటారు. బ్లాకు కింద గోడల్లేకుండా వదిలేసిన జాగాని వాయిడ్ డెక్ అంటారు. ఓ వారం అక్కడ మలయ్ వాళ్ల పెళ్లి, ఇంకో వారం చైనావాళ్ల (అంటే చైనా మూలాలున్న ఇక్కడివాళ్లే) చావు కార్యం. మా కింద రాతి బల్ల దగ్గర రోజూ సాయంత్రం ఓ చైనా ఆంటీ, ఓడరేవులో చేసి రిటైరైన తమిళ అంకుల్ కూర్చుంటారు (ఇక్కడ పెద్దవాళ్లందరూ ఆంటీలూ అంకుల్సే, వరస కలపక్కర్లేదు). ఆవిడది తియోచ్యూ (చైనా మాండలికం, మాండరిన్ వచ్చినవాళ్లకి కూడా అర్థం కాదు), ఆయనది తమిళం, మాట్లాడుకునేది బజారు మలయ్‌లో, అంటే వ్యాకరణం పట్టించుకోని వాడుక మలయ్‌లో.

ఓసారి చైనా పంచాంగం ప్రకారం ఏడో నెల వచ్చింది. చైనావాళ్లకి అది పితృదేవతలొచ్చే నెల, ఎక్కడ చూసినా పోయినవాళ్లకి చేరాలని ఇనప డబ్బాల్లో పూజ కాగితాలు కాలుస్తుంటారు. ఆంటీ మనవరాలు, హైస్కూలు పిల్ల, సంచీ నిండా ఆ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ముసలావిడ చూసి గయ్యిమంది. ఆ పిల్లకి ఇంగ్లీషు, మాండరిన్ తప్ప రావు, బామ్మ తిట్టేదేమో తియోచ్యూలో. పిల్ల బిక్కమొహం వేసి "వాట్, ఆమా?" (ఏంటి బామ్మా?) అంటోంది. చివరికి ఆవిడ విసుగెత్తి అంకుల్ వైపు తిరిగి మలయ్‌లో చెప్పింది, ఆయన ఇంగ్లీషులో పిల్లకి చెప్పాడు: బంగారు రేకు అంటించినవి దేవుళ్లకి కాలుస్తారు, మీ తాతకి వెండివి కావాలి, వెళ్లి మార్చుకురా అని. చైనా బామ్మకీ చైనా మనవరాలికీ మధ్య తమిళాయన దుబాసీ!

దీనికంతా మూలం 1979లో అప్పటి ప్రధాని లీ క్వాన్ యూ మొదలుపెట్టిన ఉద్యమం, చైనావాళ్లంతా మాండరిన్‌లోనే మాట్లాడాలని. హొక్కియెన్, తియోచ్యూ, కాంటనీస్ అంటూ ఎవరి మాండలికం వాళ్లు పట్టుకుంటే పిల్లలు ఇంగ్లీషూ మాండరినూ రెండూ మొయ్యలేరని ఆయన లెక్క. టీవీలో మాండలిక కార్యక్రమాలు పోయాయి. 1987కల్లా బళ్లన్నీ ఇంగ్లీషు మీడియంలోకి వచ్చేశాయి. దేశం బాగుపడింది, కాదన్ను, కానీ ముసలాళ్లు సొంత ఇంట్లోనే మూగవాళ్లయ్యారు. జాతీయగీతం మలయ్‌లోనే ఉంటుంది, అందరూ పాడతారు, మలయ్‌లో నాలుగు ముక్కలు మాట్లాడమంటే మాత్రం చాలామంది కుర్రాళ్లు నీళ్లు నములుతారు. 1989 నుంచి ఒక్కో బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంతమంది ఉండొచ్చో కోటా పెట్టారు. అందువల్ల పక్కపక్కనే ఉంటారు గానీ, కొత్తతరం పలకరింపు ఫోన్లోంచి తలెత్తితే కదా!

ఇక మన సంగతి. బళ్లో మాతృభాష పేరుతో రెండో భాష తప్పనిసరి. మన పిల్లలకి తమిళం, లేదంటే హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూల్లో ఒకటి. మా అమ్మాయి చేరినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. తెలుగు సమాజం చూస్తే 1975 నుంచీ ఉంది! దాంతో మా ఇంట్లో ఎవరూ మాట్లాడని హిందీ, రికార్డుల్లో మా అమ్మాయి మాతృభాషయి కూర్చుంది. శనివారం పొద్దున్నే లేపి హిందీ క్లాసుకి తోలడం నా వంతు. మా ఆవిడకి ఇది చెబితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిల్లలతో వస్తుంటే మాండరిన్ యాప్ పక్కనపెట్టి ఒకటి, రెండు తరగతుల తెలుగు వాచకాలు పెట్టెలో పడేసుకోండి. బరువు సరిపోకపోతే పచ్చళ్లు తగ్గించండి, అవి లిటిల్ ఇండియాలో దొరుకుతాయి.