డ్వాక్రా లోను తీసి చెరువులో పెట్టమంటున్నారు, పెట్టనా?

ప్రశ్న: మాది కైకలూరు దగ్గర పల్లె. రెండెకరాల చెరువు కౌలుకు చేస్తున్నాం. బొచ్చె, శీలావతి చేపలు వేస్తాం. పోయినసారి పట్టుబడి (చేపలు పట్టి అమ్మడం) అయ్యాక కూడా మేత కొట్టులో 1,50,000 బాకీ మిగిలింది, నూటికి రెండు రూపాయల వడ్డీ. ఇప్పుడు మావారు ఇంకో చెరువు తీసుకుందాం, నువ్వు డ్వాక్రాలో లక్ష లోను తియ్యి, నీ ఆరు కాసుల బంగారం తాకట్టు పెడదాం అంటున్నారు. తెల్లవారుజామున గట్టు మీదకు వెళ్లేది, మేత చూసుకునేది, లెక్క రాసేది నేనే. కౌలు కాగితం, బ్యాంకు ఖాతా మాత్రం ఆయన పేరునే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, రెండో చెరువు ఈ ఏడాది వద్దు. ఆయన ఆలోచన తప్పని కాదు, ఆ డబ్బు దానికి పనికిరాదు. డ్వాక్రా వాయిదా నెలనెలా కట్టాలి. చెరువు డబ్బు పట్టుబడి రోజునే చేతికొస్తుంది. మధ్యలో పది నెలలు వాయిదా ఎక్కడి నుంచి తెస్తారు? ఒక్క నెల తప్పినా గ్రూపులో తోటి ఆడవాళ్ల ముందు తలెత్తుకోలేనిది మీరే.

ముందు కొట్టు బాకీ సంగతి చూడండి. నెలకు 3,000, పది నెలలకు 30,000 వడ్డీకే పోతోంది. పైగా బాకీ ఉన్నంతకాలం చాలాచోట్ల చేపలు కొట్టువాళ్లు చెప్పినవాళ్లకే, చెప్పిన రేటుకే ఇవ్వాల్సి వస్తుంది. ఆ నష్టం ఏ పుస్తకంలోనూ కనిపించదు.

కిసాన్ క్రెడిట్ కార్డు 2018-19 నుంచి చేపల రైతులకూ ఇస్తున్నారు. కౌలు రైతులు, మహిళా గ్రూపులు కూడా అడగొచ్చు. రెండు లక్షల వరకు 7 శాతం, గడువులోపు కట్టేస్తే 4 శాతమే పడుతుంది. అదే 1,50,000కి పది నెలల వడ్డీ 5,000. ఇది పాత బాకీకి కాదు, కొత్త మేత రొక్కానికి కొనడానికి. పాత బాకీ ఈసారి పట్టుబడి డబ్బులోంచి తీర్చండి.

కార్డు కావాలంటే కౌలు కాగితం కావాలి. మీ పేరు లేనిది అక్కడే. గాలి అందక చేప పైకి తేలిందని చీకట్లో లేచి పరుగెత్తే మనిషి పేరు కాగితం మీద ఉండదు, ఇది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. ఈసారి కౌలు ఇద్దరి పేరునా రాయించండి. పట్టుబడి డబ్బు ఇద్దరి పేరున్న ఖాతాలోనే పడాలి.

మీ లెక్కల పుస్తకంలో ఒక వరుస కొత్తగా చేర్చండి: మీ కూలి. సగం పూటకు 200 వేసుకున్నా 300 రోజులకు 60,000. పిల్ల, తవుడు, కౌలు, మందులు రాసినట్టే అదీ ఖర్చులో రాసి, లాభం ఎంత మిగిలిందో ఇద్దరూ కూర్చుని చూడండి. రెండో చెరువు మాట అప్పుడు మాట్లాడుకోండి. వాదనకు దిగడం కంటే మీ చేతిరాతే ఆయనకు బాగా అర్థమవుతుంది.

బీమా ఆలస్యం చేయకండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 50 ఏళ్లలోపు వాళ్లకు 436 రూపాయల జీవిత బీమా ఉన్నాయి. ఒక్కోటి రెండేసి లక్షలు. ఇద్దరూ చేరండి. ఆయన వీలైతే టర్మ్ పాలసీ (మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా) కూడా తీసుకోవాలి. తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద కావాలని ఫారంలో రాయించండి. అలా చేస్తే ఆ డబ్బు మీకూ పిల్లలకే, అప్పులవాళ్లు ముట్టుకోలేరు.

బంగారం మీది. మీరు వద్దంటే వద్దు, అంతే. నీళ్లు చెడి రాత్రికి రాత్రి చేప పోయిన ఏడాది ఇల్లు గడిపేది అదే.

కౌలు కాగితం రాసే రోజు ఆధార్ కార్డు పట్టుకుని మీరూ వెళ్లండమ్మా.