ఎంపీసీ చదివాను, పశువుల డాక్టర్ కావాలనుంది

ఎల్బీనగర్ నుంచి పందొమ్మిదేళ్ల అమ్మాయి రాసింది: "పదో తరగతిలో లెక్కల్లో పదికి పది వచ్చాయని నన్ను ఎంపీసీలో చేర్పించారు. ఇప్పుడు బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది, రెండు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. ఎనిమిదో తరగతి నుంచీ పశువుల డాక్టర్ కావాలనే ఉంది. పోయినేడు మా వీధిలో కుక్కపిల్లకి పార్వో అనే వైరస్ జబ్బు వస్తే నాలుగు రోజులు క్లినిక్‌లో దాని కాలు కదలకుండా పట్టుకుని సెలైన్ ఎక్కించాం. బతకలేదు. అప్పట్నుంచి క్లాసులో మనసు నిలవడం లేదు. నాన్నకి చెబితే 'పేడ ఎత్తడానికా నాలుగు లక్షలు అప్పు చేసింది' అన్నారు. మాది దేవరకొండ దగ్గర ఊరు. నాన్న చిన్నప్పుడు ఇంట్లో బర్రెలుండేవట, అమ్మేసి పట్నం వచ్చారట. మూడు వారాలుగా నాతో మాట్లాడటం లేదు. బీటెక్ మానేసి నీట్ కోచింగ్‌లో చేరనా?"

తల్లీ, ఇప్పుడే మానేయకు. నీ కోరిక తప్పని కాదు, బీటెక్ వదిలేసినంత మాత్రాన ఆ దారి తెరుచుకోదు కాబట్టి చెబుతున్నా.

పశువైద్య డిగ్రీ బీవీఎస్సీలో చేరాలంటే ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లిష్ చదివి ఉండాలి. జనరల్ కేటగిరీకి 50 శాతం మార్కులు కావాలి. మొదటి రెండూ, ఇంగ్లిషూ నీకున్నాయి. లేనిది బయాలజీ ఒక్కటే. దాని కోసం ఇంటర్ మొత్తం మళ్లీ చదవక్కర్లేదు. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఎన్ఐఓఎస్‌లో ఒక్క సబ్జెక్టుకే చేరి పరీక్ష రాయొచ్చు. ప్రాక్టికల్స్ కూడా ఉంటాయి, వాటిని తేలిగ్గా తీసుకోకు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మేలోనూ అక్టోబర్-నవంబర్‌లోనూ జరుగుతాయి. నీట్ మేలో వస్తుంది కాబట్టి అక్టోబర్ విడతలోనే బయాలజీ పాసైపోతే నీకు ఊపిరి ఆడుతుంది.

ఇంటర్ పాసయ్యాక బయాలజీని అదనంగా చదివినవాళ్లు కూడా నీట్ రాయొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబర్‌లో చెప్పింది. వెటర్నరీ కాలేజీల్లో 15 శాతం అఖిల భారత కోటా సీట్లు నీట్ ర్యాంకుతోనే ఇస్తారు. మిగతావి రాష్ట్ర స్థాయి కౌన్సెలింగ్‌లో భర్తీ అవుతాయి. అందుకే డబ్బు కట్టకముందే ఒకరోజు రాజేంద్రనగర్ వెళ్లు. అక్కడి వెటర్నరీ యూనివర్సిటీ అడ్మిషన్ల విభాగంలో నీ ఇంటర్ మెమో చూపించి, 'బయాలజీ ఎన్ఐఓఎస్ నుంచి విడిగా తెస్తే తీసుకుంటారా' అని అడుగు. జవాబు కాగితం మీద తీసుకో. వాళ్లు వద్దంటే ఏడాది చదువు, కోచింగ్ ఫీజు రెండూ మిగులుతాయి.

నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే. నువ్వు లెక్కలతో పెరిగినదానివి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం పేజీలకు పేజీలు గుర్తు పెట్టుకోవడం నీకు వేరే పని. రోజుకి రెండు గంటలు, రెండు నెలలు బీటెక్‌తో పాటే చదివి చూడు. ఆ రెండు గంటలు నీకు బరువనిపించకపోతే అప్పుడు పెద్ద అడుగు వేద్దాం. కాలేజీ మానేస్తే మిగిలిన ఏళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామనే చోట్లూ ఉన్నాయి. ఇంజినీరింగ్ కాలేజీలను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనలు అందుకు ఒప్పుకోవు గానీ, ఆ తగాదా ఇప్పుడు నీకెందుకు?

ఇంకో మాట అడుగుతా, బాధపడకు. నీ ఉత్తరంలో కుక్కపిల్ల ఉంది, గేదె లేదు, గొర్రె లేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో అన్నిటికంటే ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం మన తెలంగాణే. ఇక్కడ పశువుల డాక్టర్ అంటే గాలికుంటు టీకాలు, పొదుగువాపు, అర్ధరాత్రి ఫోన్లు. షాద్‌నగర్ దగ్గర మా బంధువుల ఇంట్లో ఒకసారి దూడ అడ్డం తిరిగి బర్రె ఈనలేక అవస్థ పడింది. డాక్టరమ్మ చొక్కా చేతులు పైకి మడిచి, భుజం దాకా సబ్బు నూనె రాసుకుని, కళ్లు మూసుకుని లోపల దూడ కాలు వెతికింది. నలభై నిమిషాలు పట్టింది. దూడ చనిపోయి పుట్టింది, బర్రె బతికింది. ఆవిడ చేతులు కడుక్కుంటూ, 'మాయ పడిందో లేదో పొద్దున ఫోన్ చేసి చెప్పండి' అని వెళ్లిపోయింది. ఆ చోట నిన్ను నువ్వు ఊహించుకో. నారాయణగూడ పశువుల ఆసుపత్రికో, మీ ఊరి పశువైద్యశాలకో ఈ సెలవుల్లో పది రోజులు వెళ్లు, డాక్టర్‌ని అడిగి పక్కన నిలబడు. అప్పటికీ ఇదే కావాలనిపిస్తే నీకింక ఎవరి భరోసా అక్కర్లేదు.

(ఎంపీసీతోనే చేరగలిగే డెయిరీ టెక్నాలజీ బీటెక్ కామారెడ్డిలో ఉంది. నీకు కావలసింది పాల ఫ్యాక్టరీ కాదనే అనుకుంటున్నా. తెలిసి ఉండటం మంచిదని చెప్పాను.)

బీవీఎస్సీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నర ఏళ్లు. నీకు ఇరవై ఆరో ఇరవై ఏడో వచ్చేదాకా ఇంట్లోకి జీతం రాదు. నాన్న భయమంతా అక్కడే ఉంది. అప్పు ఎవరు తీరుస్తారన్నదానికి నీ దగ్గర జవాబు ఉండాలి. బీటెక్ పూర్తి చేసి రెండేళ్లు ఉద్యోగం చేసి, అప్పు కొంత తీర్చి అప్పుడు రాయడం కూడా ఒక దారే. నీట్‌కి గరిష్ఠ వయసు పరిమితి లేదు గానీ, బీవీఎస్సీ సీటుకి ఉందేమో రాజేంద్రనగర్‌లోనే అడుగు. ముందు ఆ రెండు బ్యాక్‌లాగ్‌లూ క్లియర్ చెయ్యి. చదువు నుంచి పారిపోవడానికి ఈ కోరిక పెట్టుకున్నావని ఆయన అనుకుంటున్నారేమో. ఆ అనుమానం మాటలతో పోదు, మెమో చూస్తేనే పోతుంది.

ఇక ఆయన అన్న 'పేడ' మాట. బర్రెలు అమ్మేసి ఊరు వదిలి వచ్చిన మనిషి ఆయన. కూతురు కంప్యూటర్ ముందు కూర్చోవాలని అప్పు చేశారు. ఆ కూతురే మళ్లీ కొట్టం వైపు నడుస్తానంటే, తాను పడిన కష్టమంతా వెనక్కి తిరిగినట్టు తోచి ఉంటుంది. నీట్, సీటు, ఫీజు అంటూ మొదలుపెట్టకు. ఆదివారం పొద్దున ఆయన టీ తాగుతూ కూర్చున్నప్పుడు పక్కన కూర్చుని, ఆ బర్రెలు ఎన్ని ఉండేవి, వాటికి జబ్బు చేస్తే ఎవరొచ్చి చూసేవారు, ఎందుకు అమ్మాల్సి వచ్చింది అని అడుగు. ఆయన చెప్పేది మధ్యలో ఆపకుండా విను.