వంటింటి సందేహాలు: గ్యాస్ మంట ఎర్రగా వస్తుంటే

ప్రశ్న: మా పొయ్యి కొని నాలుగేళ్లయింది. నెల రోజులుగా పెద్ద బర్నర్ మంట ఎర్రగా వస్తోంది, గిన్నెల అడుగు మసిబారుతోంది. గ్యాసులోనే కల్తీ అని పక్కింటివాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: గ్యాసును అనుమానించే ముందు బర్నర్ చూడండి. జెట్ (గ్యాసు బయటికొచ్చే సన్నని రంధ్రమున్న ముక్క) నుంచి వేగంగా దూకే గ్యాసు తనతోపాటు గాలిని కూడా మిక్సింగ్ ట్యూబులోకి, అంటే బర్నర్ కింది గొట్టంలోకి లాక్కుంటుంది. రెండూ సరిగ్గా కలిస్తే నీలిమంట వస్తుంది. గాలి చాలకపోతే గ్యాసు పూర్తిగా కాలదు. అలా మిగిలిన కార్బనే మసి. దాంతోపాటు వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. అందుకే పొయ్యి బాగయ్యేదాకా కిటికీ తీసి వండండి.

ఉప్పు వేసిన పప్పు పొంగి బర్నర్ మీద పడితే మంటలో నారింజ మెరుపులు వస్తాయి. అది సోడియం రంగు. కాసేపటికి పోతుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. బండ అయిపోవచ్చినప్పుడు కూడా మంట కాస్త ఎర్రబడుతుంది. కొత్త బండ పెట్టినా పసుపు కొసలు పొడుగ్గా ఊగుతుంటే మాత్రం గాలి దారికి ఏదో అడ్డుపడినట్టే.

రెగ్యులేటర్ కట్టేసి, బర్నర్ పూర్తిగా చల్లారాక పైమూత తీయండి. ఇత్తడిదైతే చింతపండు పులుసు కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. అల్యూమినియందైతే పులుసు, వంటసోడా రెండూ వద్దు, సబ్బునీళ్లు చాలు. మూసుకుపోయిన రంధ్రాలను పిన్నుతో తెరవండి. అగ్గిపుల్ల, టూత్‌పిక్ వాడితే ముక్క లోపలే విరిగి కూర్చుంటుంది. మిక్సింగ్ ట్యూబులో సాలెగూడు, బొద్దింక గుడ్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. వాడకుండా వదిలేసిన బర్నర్లలో ఇవి తరచూ కనిపిస్తాయి. అన్నీ బాగా ఆరాకే బిగించండి, తడి ఉంటే మంట వణుకుతుంది. మూత గాడిలో సరిగ్గా కూర్చోకపోతే ఒకవైపే మండుతుంది.

జెట్ జోలికి మాత్రం వెళ్లకండి. సూదితో పొడిస్తే రంధ్రం వెడల్పై, గ్యాసు ఎక్కువొచ్చి మంట ఇంకా ఎర్రబడుతుంది. అది మెకానిక్ పని.

ప్రశ్న: కందిపప్పుకు ఆరేడు విజిల్స్ రానిస్తాను. గ్యాసు త్వరగా అయిపోతోంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: విజిల్ అంటే ఎక్కువైన ఆవిరి బయటికి పోవడమే. కుక్కర్‌లో ఒత్తిడి నిండాక నీళ్లు దాదాపు 120 డిగ్రీల దగ్గర ఉంటాయి, మంట పెంచినా వేడి పెరగదు. పప్పు అరగంట నానబెట్టి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు, చెంచా నూనె వేయండి. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి 7 నిమిషాలు ఉంచి ఆపేయండి. ఆవిరి తనంతట తాను దిగాలి, ఆ వేడికి కూడా పప్పు మెత్తబడుతుంది. పప్పు, నీళ్లు కలిపి సగం కుక్కర్ దాటకూడదు. నురగ ఎక్కి ఆవిరి గొట్టం మూసుకుపోయేది అక్కడే.

ప్రశ్న: బండ మార్చాక సన్నగా వాసన వస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వంటగ్యాసు గాలికంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. ఫ్యాను, లైటు స్విచ్చులు వేయొద్దు, వేసినవి ఆపొద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా అంతే. రెగ్యులేటర్ కట్టేసి, తీసి, బండకు మూత బిగించి, తలుపులు, కిటికీలు తెరవండి. వాసన తగ్గకపోతే అందరూ బయటికొచ్చి గ్యాసు లీకుల అత్యవసర నంబరు 1906కు ఫోన్ చేయండి. చాలాసార్లు తప్పు బండ మూతిలోని నల్లటి రబ్బరు వాషర్‌ది. అది చిట్లినా, లేకపోయినా బండ వెనక్కి ఇచ్చేయండి. ఇంట్లో దొరికిన రబ్బరు పెట్టి సర్దుకోకండి. వాసన పూర్తిగా పోయాక మళ్లీ బిగిస్తే, అతుకుల దగ్గర సబ్బునురగ రాసి చూడండి. బుడగలు లేస్తే లీకు ఉన్నట్టే. అగ్గిపుల్లతో పరీక్ష ఎప్పుడూ చేయొద్దు.

ఆ చేత్తోనే నారింజ రంగు సురక్షా ట్యూబు మీద ముద్రించిన సంవత్సరం చూడండి, 5 ఏళ్లు దాటితే మార్చేయాలి.