కోచ్‌కు ఎన్ని మార్కులు వేయాలి?

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

క్రీడల పేజీలో ఉద్యోగం దొరికిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. నీ మొదటి వ్యాసం చదివాను. ఫుట్‌బాల్ జట్టు వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచేసరికి కొత్త కోచ్‌ను మాంత్రికుణ్ని చేసేశావు. నేనూ అదే డెస్కు పని చేసి రిటైరైనవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఆ మాటను కొన్నాళ్లు దాచుకో.

పాయింట్ల పట్టిక కన్నా ముందు జీతాల లెక్క చూడు. యూరప్ లీగుల్లో కొన్నేళ్లు కలిపి చూస్తే, ఆటగాళ్లకు ఎక్కువ ఇచ్చే క్లబ్బులే దాదాపుగా పైన ఉంటాయి. పిండి కొద్దీ రొట్టె. ఆ ఖర్చుకు రావలసిన స్థానం ఏది, వచ్చింది ఏది? ఆ తేడా నుంచే కోచ్ వాటా వెతకాలి.

ఆ తేడాలోనూ అదృష్టం కలిసి ఉంటుంది. కోచ్‌ను మార్చేది జట్టు బాగా ఓడుతున్నప్పుడే కదా! అక్కడి నుంచి ఎవరున్నా ఎంతో కొంత కోలుకుంటుంది. 2015 ఫిబ్రవరిలో డార్ట్‌మండ్ క్లబ్బు జర్మన్ లీగులో అట్టడుగున ఉంది. కోచ్ క్లోప్‌ను మార్చలేదు, సీజన్ చివరికి ఏడో స్థానానికి వచ్చింది. అందుకే గోల్స్‌తో పాటు జట్టు సృష్టించుకున్న అవకాశాలూ లెక్కపెట్టు.

ఇక అసలు చిక్కు, కోచ్ వాటా ఎంత, ఆటగాళ్ల వాటా ఎంత అన్నది. 2015-16లో కోచ్‌గా రనియేరి వచ్చిన ఏడాదే లెస్టర్ క్లబ్బు 81 పాయింట్లతో ఇంగ్లండ్ లీగు విజేత అయింది. అంతకుముందు ఏడాది ఆ జట్టుది 14వ స్థానం. ఘనతంతా ఆయనదేనా? ఆ వేసవిలోనే కాంటే అనే మిడ్‌ఫీల్డర్ కూడా చేరాడు. మరుసటి ఏడాది కాంటే అదే లీగులోని చెల్సీకి వెళ్లాడు, చెల్సీ పదో స్థానం నుంచి విజేతగా ఎదిగింది. అదే కోచ్ చేతిలోని లెస్టర్ దిగజారి, 2017 ఫిబ్రవరిలో ఆయన ఉద్యోగమే పోయింది. అయితే కాంటేకే పూలదండ వేద్దామా? తొందరపడకు. చెల్సీకి ఆ ఏడాది యూరప్ పోటీలు లేవు, కాళ్లకు విశ్రాంతి దొరికింది. పైగా కోంటే అనే కొత్త కోచ్ వచ్చాడు. (కాంటే, కోంటే! ప్రూఫు చూసేటప్పుడు జాగ్రత్త.) ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడుతున్న మ్యాచ్ మధ్యలోనే ఆయన జట్టు వెనుక వరసలో ముగ్గురు డిఫెండర్లను నిలిపే పద్ధతికి మారాడు. ఏళ్ల తరబడి ఒక్కో క్లబ్బుకు అప్పుగా తిరిగిన మోజెస్ అనే ఆటగాణ్ని కుడి అంచున నిలబెట్టాడు. ఆ తర్వాత లీగులో వరసగా 13 విజయాలు. కోచ్ చేతిరాత ఇలాంటి చోట కనిపిస్తుంది. ఎవరిని ఎక్కడ ఆడించాలన్నది ఆయన తప్ప ఇంకెవరూ తీసుకోని నిర్ణయం.

భారత జట్టు కోచ్‌గా పనిచేసిన మన హైదరాబాద్ రహీం సాబ్‌ను ఈ కొలతతోనే చూడు. 1962 జకార్తా ఆసియా క్రీడల తొలి మ్యాచ్‌లో భారత్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. రహీం అతణ్ని ముందుండి గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. ఫైనల్లో అదే కొరియా మీద 2-1తో గెలుపు, అందులో ఒక గోల్ జర్నైల్‌ది. ఒక్క ఎత్తుగడ పారితే కాకతాళీయం అనుకోవచ్చు. కానీ 1951 ఆసియా క్రీడల స్వర్ణం, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుతో 1950 నుంచి వరసగా ఐదు రోవర్స్ కప్‌లు (బొంబాయిలో జరిగే పేరున్న టోర్నీ) కూడా ఆయన హయాంలోనివే. ఆటగాళ్లు మారుతున్నా ఫలితం నిలబడింది. 1963లో ఆయన పోయాక ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. దీన్నీ పూర్తిగా ఆయన ఖాతాలో వేయకు, ఆ తరం ఆటగాళ్లు కూడా క్రమంగా తప్పుకున్నారు.

ఈసారి రాసే ముందు ఆ కోచ్ ఇదివరకు పనిచేసిన జట్లేమిటో, ఆయన వెళ్లాక వాటి పరిస్థితి ఏమయిందో ఒక కాగితం మీద రాసి పంపు. పండుగకు వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.

మీ మామయ్య